అద్దెకుంటున్న పాతింటినే కొనుక్కోవాలంటే: విశాఖ వన్‌టౌన్ వాళ్ళకి నాకు తెలిసినంత

కోటవీధి, సోల్జర్‌పేట, చెంగలరావుపేట, వెలంపేట ఈ చుట్టుపక్కల అద్దెకుండేవాళ్ళు ఈ మధ్య చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు, మేం ఉంటున్న ఇల్లే కొనుక్కోవాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి అని. పంతొమ్మిదేళ్ళు అద్దెకున్న ఇంటినే నేను కొనుక్కున్నాను కాబట్టి అడుగుతున్నారు. మాకు మొత్తం రెండేళ్ళ నాలుగు నెలలు పట్టింది, అందులో డబ్బు సర్దుకోడానికి ఏడు నెలలు, మిగతాదంతా సంతకాల కోసం తిరిగిన కాలమే. అందుకే ఇందులో ఎక్కువ భాగం సంతకాల గురించే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఎందుకు కొనాలో చెప్తాను. పోర్టు మొదలైంది 1933లో, దానికి రెండున్నర శతాబ్దాల ముందు నుంచే ఇక్కడ ఇంగ్లీషు కంపెనీ వర్తకం ఉంది, అంటే ఊరంటే ఒకప్పుడు ఇదే. దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ, రాస్‌హిల్ చర్చి మూడూ ఒకే చూపులో కనపడే చోటు ఇంకోటి నేను చూళ్ళేదు. కానీ ఇళ్ళ సొంతదారులు ఎప్పుడో ఎంవీపీ కాలనీకో హైదరాబాదుకో వెళ్ళిపోయారు, వాళ్ళ పిల్లలు ఇంకా దూరం వెళ్ళారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వీధిలో సగం ఇళ్ళకి పెంకులు లేచిపోయాయి, ఓనరు ఇక్కడుంటున్న ఇళ్ళకి నెలలోపు మళ్ళీ పెంకు పడింది, లేని ఇళ్ళ మీద నీలం టార్పాలిన్ రెండు వానాకాలాలు అలాగే ఉంది, ఆ తడికి దూలాలు పుచ్చిపోయాయి, తర్వాత ఆ ఇళ్ళే ఒక్కొక్కటీ కూలగొట్టారు. అద్దెకున్నవాడు కప్పు వేయించలేడు, దూరాన ఉన్న ఓనరు వేయించడు, నేను కళ్ళారా చూసింది ఇదే. ఇక్కడ బతికేవాళ్ళ పేరు మీద ఇళ్ళుంటేనే ఈ వీధులు నిలుస్తాయి అని నా గట్టి నమ్మకం.

ఒక అపోహ ముందే తీసేస్తాను. పన్నెండేళ్ళు ఉంటే ఇల్లు మనదైపోద్ది అని ఎవరో ఒకరు చెప్తారు. అవ్వదు. అద్దె కడుతూ ఉన్నామంటే ఓనరు అనుమతితో ఉన్నట్టే, ఎన్నేళ్ళైనా అంతే. ఈ మాట నమ్మి అద్దె కట్టడం మానేసి కోర్టుకెక్కినవాళ్ళు ఓనరుతో మాట పోగొట్టుకున్నారు, ఇల్లూ రాలేదు. అద్దె నెలనెలా కట్టండి, ఫోన్‌పేలోనో బ్యాంకులోనో కట్టండి, ఆ రికార్డు రేపు లోన్‌కి కూడా పనికొస్తుంది.

ఇప్పుడు వారసుల సంగతి. పాతింటికి ఓనరు అంటే ఒక మనిషి అనుకోకండి, మా ఇంటికి పదకొండు మంది తేలారు. ఇల్లు ఎవరి పేరున రిజిస్టరైందో ఆ పెద్దాయన పోయి ముప్పై ఏళ్ళు, అద్దె తీసుకునేది రెండో కొడుకు, ఆయన "నేనే ఓనరు" అంటాడు, నిజానికి ఆయనకున్నది ఒక వాటా. కాబట్టి మొదటి పని ఒక పెద్ద కాగితం తీసుకుని వంశవృక్షం రాసుకోవడం. పెద్దాయన, ఆయన భార్య, కొడుకులు, కూతుళ్ళు, వాళ్ళలో పోయినవాళ్ళుంటే వాళ్ళ భార్యా భర్తా పిల్లలు, అందరూ అందులో ఉండాలి. వీధిలో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చుని రాసుకోండి, ఆఫీసుల్లో దొరకని పేర్లు ఆవిడ దగ్గర దొరుకుతాయి, మాకు అలాగే మూడో కూతురు ఒకావిడ పర్లాకిమిడిలో ఉందని తెలిసింది.

కూతుళ్ళ దగ్గరే ఎక్కువ డీల్స్ ఆగిపోతాయి. "కట్నం ఇచ్చి పంపేశాం, ఆడపిల్లలకి ఇంకేం హక్కు" అని అన్నదమ్ములు అంటారు, మీరు తల ఊపేసి వదిలేయొద్దు. హిందూ కుటుంబంలో తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు, వీలునామా రాయకుండా పోతే, 1956 చట్టం నుంచీ కూతుళ్ళకీ కొడుకులతో సమానంగా వాటా ఉంది. తాతల నాటి ఉమ్మడి ఆస్తిలోనైతే మన రాష్ట్రంలో దేశం కంటే ముందే, 1985 సెప్టెంబర్ నుంచి అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి హక్కు వచ్చింది, 2005లో దేశమంతా కూతుళ్ళందరికీ వచ్చింది. ముస్లిం కుటుంబాలకి వాటాల లెక్క వేరు, క్రైస్తవులకి 1925 వారసత్వ చట్టం, మన వన్‌టౌన్‌లో ముగ్గురి ఇళ్ళూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి పక్కింటి లెక్క మనింటికి పనికిరాదు, లాయర్ని అడగాల్సిందే. మైనర్ పిల్లల వాటా ఉంటే కోర్టు పర్మిషన్ ఉందా అని చూడాలి, తల్లి సంతకం పెడితే చాలు అని సరిపెట్టుకోకండి.

నలుగురు ఒప్పుకున్నారు, వాళ్ళ వాటా ముందు కొనేస్తాను, మిగతాది తర్వాత చూద్దాం అని ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది, మా లాయరు ఆపారు. కుటుంబం నివాసం ఉండే ఇంట్లో విడదీయని వాటా బయటివాడు కొంటే వాళ్ళతో కలిసి ఇంట్లో ఉండే హక్కు రాదు, పార్టిషన్ దావా, అంటే వాటాలు పంచమని కోర్టులో కేసు, వేసుకోవాలి, ఆ దావాలో మిగతా వాటాదారులు మన వాటాని వెల కట్టి తిరిగి కొనేసుకునే హక్కు 1893 నాటి పార్టిషన్ చట్టం నుంచే వాళ్ళకుంది. అందుకని అందరూ ఒకే డీడ్‌లో, కుదిరితే ఒకే రోజు సంతకం పెట్టాలి. అమెరికాలో ఉన్నవాళ్ళు రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తారు, అది అక్కడ ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ అయ్యో, అక్కడి ప్రభుత్వ ధ్రువీకరణ (అపోస్టిల్) అయ్యో రావాలి, ఇండియాలో చేతికందిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టి చెల్లుబాటు చేయించాలి. మా దాంట్లో ఒక పవర్ ఈ గడువు దాటిపోయి మళ్ళీ మొదటినుంచి తెప్పించాల్సొచ్చింది, నాలుగు నెలలు పోయాయి.

వాళ్ళతో మాట్లాడేటప్పుడు డబ్బు మాట మొదట్లో ఎత్తకండి. నేను చేసిందేంటంటే ప్రతి ఒక్కరికీ ఇంటి ఫోటోలు పంపాను, వాళ్ళమ్మ కూర్చునే అరుగు, నుయ్యి, పెరట్లో ఇంకా కాస్తున్న వేపచెట్టు, కూలిపోతున్న వంటిల్లు కూడా. ఇల్లు పడగొట్టను, బాగుచేసుకుని ఉంటాను అని చెప్పాను, అది నిజం కాబట్టి చెప్పాను. మాటల్లేని అక్కాతమ్ముళ్ళు ఇద్దరు ఆ ఫోటోల మీదే మళ్ళీ మాట్లాడుకున్నారు. బిల్డరు ఇస్తానన్నదానికంటే కొంచెం తక్కువకే మాకు ఇచ్చారు, కారణం ఇదేనని పెద్దక్కగారు రిజిస్ట్రేషన్ రోజు అన్నారు.

కాగితాల విషయానికొస్తే, ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే సర్టిఫికెట్, ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, మన ఇళ్ళు అంతకంటే పాతవి కదా, కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాల నుంచి మాన్యువల్ ఈసీ కూడా అప్లై చేయండి. ఈసీలో రిజిస్టరైనవే కనపడతాయి, కోర్టు కేసులు కనపడవు, రిజిస్టర్ చేయని వీలునామా కనపడదు. కేసులకి ఈ-కోర్ట్స్ సైట్‌లో ప్రతి వారసుడి పేరూ కొట్టి చూడండి. ఒరిజినల్ దస్తావేజు కళ్ళతో చూడండి, "బీరువాలో ఎక్కడో ఉంది" అంటే ఎవరి దగ్గరో తాకట్టులో ఉండొచ్చు. పాత దస్తావేజులో హద్దులు "తూర్పు ఫలానావారి ఇల్లు" అని డెబ్బై ఏళ్ళ కిందటి మనిషి పేరుతో ఉంటాయి, ఆ ఇల్లు ఇవాళ ఎవరిదో తేల్చుకుని నాలుగు హద్దులూ టేపు పెట్టి కొలిపించండి, మాకు దస్తావేజులో ఉన్నదానికీ నేల మీద ఉన్నదానికీ తొమ్మిది గజాలు తేడా వచ్చింది, ఉన్నంత మేరకే రాయించుకున్నాం.

టౌన్ సర్వే నంబరుతో సర్వే రిజిస్టర్ నకలు తీయించండి, అందులో పోరంబోకు అనో ప్రభుత్వం అనో ఉంటే ఆగిపోండి. రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, అదే 22ఏ నిషేధిత జాబితాలో ఉందేమో చూడండి, దేవాదాయ, వక్ఫ్ ఆస్తులు అందులోనే ఉంటాయి, పాత ఊర్లో గుడికో మసీదుకో రాసిచ్చిన స్థలాలు కొత్త కాదు. జీవీఎంసీ టౌన్‌ప్లానింగ్‌లో రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఉందా అని అడగండి, సముద్రం పక్కవాళ్ళు తీరప్రాంత కట్టడాల ఆంక్షలు (సీఆర్‌జెడ్) కూడా అడగండి. ఇదంతా అయ్యాక రెండు పేపర్లలో ప్రకటన వేయించి పదిహేను రోజులు ఆగండి, ఎవరైనా హక్కుదారు ఉంటే అప్పుడే బయటికొస్తారు, తర్వాత రావడం కంటే అది చాలా మేలు.

ధర మాట్లాడేముందు ఇంటిని పరీక్ష చేయించాలి. పంతొమ్మిదేళ్ళు ఉన్నాం మాకు తెలీదా అనుకున్నాను, తెలీదు. దూలాలు, వాసాలు మధ్యలో బాగానే కనపడతాయి, గోడలో దిగిన చివర్లే పుచ్చుతాయి, స్క్రూడ్రైవర్‌తో అక్కడ పొడిచి చూడాలి, మెత్తగా దిగిపోతే ఆ దూలం మార్చాల్సిందే. చెదలు గుమ్మాల వెనకాల ఉంటాయి. గోడ పగుళ్ళు నిలువుగా సన్నగా ఉంటే పర్లేదు, మెట్లమెట్లుగా ఏటవాలుగా ఉండి వెడల్పవుతుంటే పునాది కదులుతున్నట్టు. ఇంకోటి, సిమెంటు రోడ్డు మీద మళ్ళీ సిమెంటు రోడ్డు వేసుకుంటూ పోయారు, అందుకని చాలా ఇళ్ళ గచ్చు వీధి కంటే కిందికి పోయింది, పెద్ద వాన పడిన రోజు వెళ్ళి నీళ్ళు ఎటు పారుతున్నాయో నిలబడి చూడండి. పక్కింటితో ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో దస్తావేజులో రాయించండి.

డబ్బు లెక్క సూటిగా చెప్తాను. ఇల్లు 30 లక్షలు అనుకుందాం. 30 లక్షల వరకు లోన్‌కి బ్యాంకు ఇంటి విలువలో 90 శాతం దాకా ఇవ్వొచ్చు, అంతకు మించి 75 లక్షల దాకా అయితే 80 శాతం. అంటే 27 లక్షలు లోన్ వస్తుందనుకున్నా 3 లక్షలు చేతిది. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ 5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ 1, కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు, ఇది మామూలుగా లోన్‌లో కలవదు. ప్రభుత్వ విలువ మీరు కొన్న ధర కంటే ఎక్కువుంటే దాని మీదే లెక్క. ఇవి కాక లాయరు ఫీజు, ఆ తర్వాత రిపేరు. పాతింటికి బ్యాంకు తరఫున విలువ కట్టే వాల్యూయర్ ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుందో రాస్తాడు, తక్కువ రాస్తే లోన్ ఏళ్ళు తగ్గిపోతాయి, ఈఎంఐ పెరిగిపోద్ది. ఒక బ్యాంకులో మా ఫైలు రెండు నెలలు పెట్టుకుని పాత కట్టడం అని తిప్పి పంపేశారు, ఇంకో బ్యాంకులో ఇంజనీరు రిపోర్టు ముందే జతచేసి ఇస్తే తీసుకున్నారు, కాబట్టి స్ట్రక్చరల్ ఇంజనీరు చేత రిపోర్టు రాయించి పట్టుకెళ్ళండి, రిపేరుకి కూడా కలిపి లోన్ అడగండి.

కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివాళ్ళు అయితే పీఎం ఆవాస్ పట్టణ 2.0లో వడ్డీ రాయితీ గురించి బ్యాంకులో గట్టిగా అడగండి, ఇంటి విలువ 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు, మొత్తం 1.80 లక్షల దాకా విడతలుగా వస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళ పేరు దస్తావేజులో పెట్టండి, స్కీమ్ కోసం అని కాదు, ఈ వీధుల్లో ఇల్లు నిలబెట్టింది వాళ్ళే.

అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు క్యాష్ వద్దు, స్థిరాస్తి వ్యవహారంలో 20,000 రూపాయలు అంతకు మించి క్యాష్‌గా తీసుకోవడమే చట్టవిరుద్ధం. ధర 50 లక్షలు ముట్టుకుంటే కొనేవాళ్ళే 1 శాతం టీడీఎస్ (ముందే మినహాయించే ఆదాయపన్ను) పట్టి కట్టాలి, అమ్మేవాళ్ళలో ఎన్ఆర్ఐ ఉంటే టీడీఎస్ చాలా ఎక్కువ, మొత్తం ఎంతైనా పట్టాల్సిందే, మర్చిపోతే పన్నుల వాళ్ళు మన దగ్గరకే వస్తారు, ముందే ఆడిటర్‌ని కలవండి. అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్ దాకా అద్దె కొనసాగుతుందా ఆగుతుందా, మనం ఎప్పుడో ఇచ్చిన అద్దె అడ్వాన్స్ ధరలో తగ్గుతుందా అనేది కూడా రాయించండి, చిన్న విషయంలా ఉంటుంది గానీ చివర్లో మనసులు చెడేది దీని దగ్గరే.

రిజిస్ట్రేషన్ అయిన వారంలోనే ఇంటిపన్ను, కుళాయి, కరెంటు మీటరు పేరు మార్పుకి వార్డు సచివాలయంలో పెట్టేయండి.

ఇక రిపేరు. దయచేసి సిమెంటు పూత వేయించకండి. ఈ ఇళ్ళ గోడలు ఇటుక, రాయి, సున్నంతో కట్టినవి, నేలలోంచి చెమ్మ లాక్కుంటాయి, సున్నప్పూత గుండా బయటికి వదిలేస్తాయి. మీద సిమెంటు కొడితే ఆ చెమ్మకి దారి లేక గోడలోనే పైకి పాకుతుంది, సముద్రపు ఉప్పు కూడా తోడై పూత ఉబ్బి పెచ్చులూడిపోద్ది, లోపల ఇటుక పిండైపోద్ది. మా ముందు గది గోడకి పాత ఓనరు ఎప్పుడో సిమెంటు కొట్టించాడు, మొత్తం గీకించేసి ఒక ఎండాకాలం అలాగే ఆరనిచ్చాం, తర్వాత సున్నం వేశాం, నాలుగు వానాకాలాలైంది చెమ్మ మచ్చ లేదు. సున్నం గుంటలో నానబెట్టి కనీసం నెల ఉంచాలి, ఎంత నానితే అంత మంచిది, గానుగ ఆడించిన సున్నంలో బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపే మేస్త్రీలు ఇంకా ఉన్నారు, గుళ్ళ పని చేసేవాళ్ళని అడిగితే దొరుకుతారు. కూలి ఎక్కువే అవుద్ది, పని నిదానం, పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి వేస్తారు, మధ్యలో తడి ఆరిపోకుండా తడుపుతూ ఉండాలి. రంగు కూడా వెల్లే వేయండి, ప్లాస్టిక్ పెయింట్లు మళ్ళీ అదే చెమ్మని మూసేస్తాయి.

వరస మాత్రం తప్పొద్దు, ముందు కప్పు, తర్వాత నీళ్ళు బయటికి పోయే దారి, తర్వాత వైరింగు ఎర్తింగు, పూతలు రంగులు ఆఖరికి. పెంకులు తీసేటప్పుడు పగలనివి జాగ్రత్తగా పేర్చి పెట్టుకోండి, కూలగొడుతున్న ఇళ్ళ దగ్గర మంగళూరు పెంకులు, టేకు దూలాలు కొనుక్కోవచ్చు, కొత్త కర్ర కంటే అవే గట్టివి. ఉప్పుగాలికి ఇనుము ఆగదు కాబట్టి ఇనప గడ్డర్ల బదులు కర్రే మేలు అని మా అనుభవం. పెంకు మార్చడం, పూత లాంటి రిపేర్లు వేరు, గోడలు కదపడం, అంతస్తు వేయడం వేరు, రెండోదానికి ప్లాను పర్మిషన్ కావాలి, మొదలెట్టే ముందు వార్డు ప్లానింగ్ సెక్రటరీని అడిగేయండి. మొత్తం పడగొట్టి కడదాం అనేవాళ్ళు ఒక్కటి లెక్కేసుకోండి, అరవై డెబ్బై గజాల స్థలంలో కొత్త ప్లాను అంటే చుట్టూ వదలాల్సిన ఖాళీ, రోడ్డుకి వదలాల్సింది పోగా గదులు ఇప్పుడున్న వాటికంటే చిన్నవైపోతాయి.

ఒక్క ఇల్లు బాగుపడితే సరిపోదు. అమెరికాలో బోస్టన్ నగరంలోని రాక్స్‌బరీలో డడ్లీ స్ట్రీట్ అని ఒక పేట, తగలబడిన ఇళ్ళు ఖాళీ స్థలాలతో పాడుపడిపోతే 1984లో అక్కడివాళ్ళే సంఘం పెట్టుకున్నారు, 1988లో ఖాళీ స్థలాలు సేకరించే అధికారం కూడా నగరం నుంచి తెచ్చుకున్నారు. అక్కడ నేల ఆ సంఘం పెట్టిన ట్రస్టుది, ఇల్లు ఉండేవాళ్ళది, అమ్మేటప్పుడు ధరకి హద్దు, అందుకే తర్వాత కొనేది కూడా మామూలు కుటుంబమే అవుతుంది. మనకి అలాంటి అధికారం లేదు, కానీ వీధి సంఘం పెట్టుకోవచ్చు, ఏడుగురుంటే సొసైటీ రిజిస్టర్ అవుద్ది. మా వీధిలో మేం చేస్తున్నది చిన్నదే, ఏ ఇల్లు అమ్మకానికి వస్తుందన్నా ముందు ఆ ఇంట్లో అద్దెకున్నవాళ్ళకి, తర్వాత వీధిలో వాళ్ళకి చెప్తాం, ఓనరు ఎక్కడున్నా మేమే ఫోన్ చేసి మూడు నెలలు టైం అడుగుతాం, లాయరు ఇంజనీరు నంబర్లు, మా ఫైలులో వాడిన కాగితాల నమూనాలు అన్నీ ఒకరి నుంచి ఒకరికి ఇస్తాం. సున్నం గుంట ఒకటి ఉమ్మడిగా తవ్వుకున్నాం, ఎవరి పని ఉంటే వాళ్ళు తీసుకుంటారు. ఇప్పటికి మా వీధిలో నాలుగిళ్ళు అలా ఉండేవాళ్ళవే అయ్యాయి.

ఈ ఏడాది మొదలెట్టాలనుకునేవాళ్ళు వంశవృక్షం కాగితం ఈ వారమే రాసుకోండి. మార్గశిర మాసంలో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గురువారాలకి ఎక్కడెక్కడి బంధువులూ ఊరికొస్తారు, ఓనరు కుటుంబం వాళ్ళు నలుగురూ ఒక్కచోట కలిసేది అప్పుడే, మా ఇంటి మాట మొదలైంది కూడా ఆ క్యూలోనే.